బ్యాచ్ అంటే ఒక వాయి

సావనీరు కమిటీ మిత్రులు నన్ను వ్యాసం అడిగినప్పుడు, నీటిపారుదల శాఖ మనిషిని కాబట్టి ఏ బ్యారేజీ గురించో ఎత్తిపోతల గురించో రాస్తాననుకున్నారు. వాటి గురించి శాఖ ఫైళ్ళలో రాసిందే ఎక్కువ. ఈ రెండు మూడు నెలలుగా మన వాట్సాప్ గ్రూపు చూస్తుంటే నాకు వేరే సంగతి తోచింది. మనల్ని మనం పిలుచుకునే మాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే. బ్యాచ్, క్లాస్‌మేట్, గ్యాంగ్, టీమ్, ఫెలో, కొలీగ్, అసోసియేషన్. స్టేజీ బ్యానర్ మీద ‘అలుమ్ని’ అని రాయాలా ‘అలుమ్నై’ అని రాయాలా అని ఒక పూటంతా చర్చ కూడా జరిగింది.

ఈ మాటలు ఎక్కడివి, ఎవరు ఎవరితో ఏం పంచుకుంటే పుట్టాయి అని నిఘంటువులు తిరగేయడం ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పట్టిన అలవాటు. సైట్ క్యాంపుల్లో సాయంత్రాలు కరెంటు ఉన్నంతసేపు అదే కాలక్షేపం. భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. మన ఇంగ్లీషు మాస్టారూ తెలుగు మాస్టారూ ఈ సంచిక చదువుతారన్న భయం మాత్రం ఉంది. అందుకని గట్టిగా తెలిసినవే రాస్తాను.

ముందు మనందరికీ ఇష్టమైన మాట, బ్యాచ్. ఇది బేక్ అన్న క్రియకి పుట్టిన బిడ్డ. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో బ్యాచ్ అంటే పొయ్యిలోంచి ఒకేసారి తీసిన రొట్టెలు. ఆ తర్వాతే అది మనుషులకు అంటింది. మన వంటింట్లో దీనికి తిరుగులేని మాట ఒకటుంది: వాయి. మొదటి వాయి గారెలు, రెండో వాయి ఇడ్లీలు అంటామే, అదే. కాబట్టి 1984 బ్యాచ్ అంటే 1984 వాయి. ఏ వాయి సరిగ్గా ఉడికిందో, ఏ వాయి అడుగంటిందో ఇక్కడ చదువుతున్న గురువులకే తెలియాలి. ఆ రహస్యం వారి దగ్గరే ఉండనిద్దాం.

మేట్ కూడా వంటింటి మాటే. ఇంగ్లీషులో ఇప్పుడు మాంసానికి వాడే మీట్ అన్న మాటకి పాతకాలంలో అర్థం కేవలం తిండి అని. కలిసి తిండి తినేవాడు మేట్. 14వ శతాబ్దంలో ఇది ఉత్తర జర్మనీ ఓడరేవుల భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఓడల మీద అది హోదా అయింది. మన రైల్వేలో పట్టాలు చూసుకునే గ్యాంగుకి పెద్ద మేటు. మన ఊళ్ళలో ఉపాధి హామీ పనికి వెళ్ళే జట్టుకి మస్తరు రాసే మనిషి కూడా మేటే. చెరువు పూడిక తీస్తూ మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని అందరితో కలిసి అంబలి తాగే ఆ మేటు, పాత అర్థానికి లండన్లో ఆ మాట వాడేవాళ్ళకంటే దగ్గరగా ఉన్నాడు. ఇక బ్యాచ్‌మేట్ అన్న జంట మాటని ఇంగ్లండులో పెద్దగా వాడరు. మన దేశంలోనే అది వర్ధిల్లింది. రొట్టెల వాయి, తిండి పంచుకునేవాడు, రెండు సగాలూ పొయ్యి దగ్గర నుంచి వచ్చినవే.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి మెస్ గురించి చెప్పాలా? ఫ్రెంచివాళ్ళ దగ్గర అది విస్తట్లోకి పంపిన ఒక వడ్డన. ఇంగ్లండులో అది ఒక బల్ల దగ్గర కలిసి తినే బృందానికి పేరైంది, సాధారణంగా నలుగురు. లండన్లో న్యాయవాదుల పాత సంస్థల్లో ఇప్పటికీ నలుగురేసి ఒక మెస్సుగా కూర్చుని భోంచేసే ఆచారం ఉంది. మెస్ అంటే గందరగోళం అన్న అర్థం వచ్చింది 19వ శతాబ్దంలో. మా హాస్టల్ సాంబారు చూసి ఉంటే ఆ అర్థం ఇంకా ముందే వచ్చేది.

వీటన్నిటికీ పెద్దక్క కంపానియన్. లాటిన్‌లో ‘కోమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. రొట్టెని కలిసి తినేవాడు కంపానియన్. ఈ మాట మొదట కనబడేది కవిత్వంలో కాదు, ఒక చట్టంలో. ఫ్రాంకులనే జర్మన్ జాతి 6వ శతాబ్దంలో రాయించుకున్న సాలిక్ చట్టం ప్రతుల్లో ఉంది. ఆ జాతుల భాషలో అప్పటికే ‘కూడా రొట్టె ఉన్నవాడు’ అనే అర్థంతో ఒక సైనికుల మాట ఉండేది. దాన్ని ముక్క ముక్కగా లాటిన్‌లోకి మార్చుకున్నారు.

అదే రొట్టె ఇంగ్లీషులో మరోలా కూడా పనిచేసింది. లార్డ్ అన్న మాట పాత ఇంగ్లీషులో ‘రొట్టెకి కాపలాదారు’. లేడీ అంటే ‘రొట్టె పిండి పిసికేది’. ఆ ఇంట పనిచేసేవాడికి ‘రొట్టె తినేవాడు’ అని పేరు. కెంట్ రాజ్యపు అతి పాత చట్టంలో ఆ మాట కనిపిస్తుంది. చూడండి, రొట్టె ఒకటే. పై నుంచి విదిలిస్తే దొర, నౌకరు పుట్టారు. పక్కన కూర్చుని విరుచుకుంటే కంపానియన్ పుట్టాడు. తేడా అంతా కూర్చునే చోటులో ఉంది.

ఈ సంగతి తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంచం పొత్తు, మంచం పొత్తు అని మనం ఏనాడో తేల్చి పెట్టుకున్నాం. ఎవరితో తినొచ్చు, ఎవరితో వియ్యమందొచ్చు అన్నదే ఆ రెండు పొత్తుల లెక్క. కూడనివాణ్ణి పంక్తి బాహ్యుడన్నాం, అంటే భోజనాల బంతికి బయట ఉన్నవాడు. సహపంక్తి భోజనం అని పేపర్లో వార్త వస్తుందంటే, మామూలుగా అది జరగదనే కదా అర్థం. మన బడిలో మధ్యాహ్నం గంట కొట్టాక ఏం జరిగేదో గుర్తు చేసుకోండి. ఒకే బెంచీ మీద లెక్కలు చేసిన పిల్లలం క్యారేజీలు పట్టుకుని ఎవరి మూలకి వాళ్ళం వెళ్ళేవాళ్ళం. రావిచెట్టు కింద కొందరు, వరండా మెట్ల మీద కొందరు, బోరింగు అవతల పేట నుంచి వచ్చే పిల్లలు. అలా కూర్చోమని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే మాకు తెలుసు. ఆటల పీరియడ్లో మాత్రం అందరం ఒకటే జట్టు. ఇంగ్లీషు డిక్షనరీలో చూస్తే మేం అప్పుడు క్లాస్‌మేట్లం అయ్యింది ‘క్లాస్’ వరకే. ‘మేట్’ ఇంకా కావాల్సే ఉంది.

కంపానియన్ కి తోబుట్టువు కంపెనీ. కలిసి తినేవాళ్ళ గుంపు అది. తర్వాత సైన్యంలో ఒక దళం, తర్వాత వర్తకుల కూటమి. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పత్రంతో లండన్ వర్తకుల కంపెనీ ఒకటి తయారైంది. 1611లో ఆ కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం రేవుకి వచ్చింది. అలా రొట్టె పంచుకునేవాళ్ళు అన్న మాట ఓడెక్కి మన తీరంలో దిగింది. మనవాళ్ళ నోట్లో అది కుంపిణీ అయింది. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కార్లు కుంపిణీకి దఖలు పడ్డాయి. కట్టాల్సిన పేష్కషు బకాయిల తగాదా ముదిరి 1794 జులై 10న పద్మనాభం దగ్గర యుద్ధమై, విజయనగరం రాజు విజయరామరాజు కుంపిణీ సైన్యం చేతిలో చనిపోయాడు. రొట్టె ఎవరిది, పంచుకున్నది ఎవరు అని ఆ మాటని అడగాలనిపిస్తుంది. లండన్లో వాటాదార్లు పంచుకున్నారు, నిజమే. వాళ్ళ వరకు అది చక్కని కంపెనీయే. ఇలాంటి మాటలన్నిటికీ లోపల ఒక బంతి ఉంటుంది, బయట ఒక గీత ఉంటుంది.

వాటా మాట వచ్చింది కాబట్టి ఫెలో. ‘వాడొట్టి ఫెలో’ అని మనం చులకనగా తీసేసే ఈ మాట స్కాండినేవియా నుంచి వచ్చింది. ‘ఫే’ అంటే పశువులు, ఆస్తి, డబ్బు. ‘లాగ్’ అంటే కింద పెట్టడం. ఉమ్మడి వ్యాపారంలో తన సొమ్ము తెచ్చి పెట్టినవాడు ఫెలో. ఆ ‘ఫే’, మన సంస్కృతంలోని పశువు, రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. మా శ్రీకాకుళం వైపు మిత్రులు ఇక్కడ నవ్వుకుంటారు. మనకి సొమ్ములంటే నగలూ డబ్బూ మాత్రమే కాదు, ఆవులూ ఎడ్లూ. ‘సొమ్ములు సాలలో కట్టేశావా’ అని అడిగే ఇళ్ళలో పెరిగినవాడికి ఫెలో అన్న మాట విప్పి చెప్పనక్కర్లేదు.

విశ్వవిద్యాలయాల్లో ఫెలోకి పెద్ద పీట. కాలేజీ ఆస్తి మీద వచ్చే రాబడిలో వాటా ఉన్నవాడని పాత అర్థం అక్కడ నిలిచింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ మొదటిసారి ఒక భారతీయుణ్ణి ఫెలోగా తీసుకుంది. ఆయన బొంబాయి ఓడల నిర్మాత అర్దేశిర్ కర్సెట్‌జీ, మా వృత్తివాడే, ఇంజనీరు. రెండోవారు శ్రీనివాస రామానుజన్, 1918లో. మధ్యలో 77 ఏళ్ళు. అదే దశాబ్దాల్లో మన దేశంలో దొరలు తమ బంట్రోతుల్ని పిలవడానికి కూడా ఈ మాటే వాడారు. ఒకే మాట ఒక గదిలో బిరుదు, పక్క గదిలో తిట్టు.

గది అనగానే కామ్రేడ్ వస్తాడు. లాటిన్‌లో ‘కామెరా’ అంటే కమాను పైకప్పున్న గది. స్పెయిన్ సైనికులు ఒకే గదిలో పడుకునే బృందాన్ని దాని పేరుతోనే పిలుచుకున్నారు, అది ఫ్రెంచివాళ్ళ మీదుగా 16వ శతాబ్దం చివర ఇంగ్లీషుకి చేరింది. ఫొటోలు తీసే కెమెరా కూడా ఆ చీకటి గదే. అంటే కామ్రేడ్ మొదట రూమ్మేటు. 19వ శతాబ్దం చివర సోషలిస్టులు దాన్ని సంబోధన చేసుకున్నారు. 1946 నుంచి 1951 వరకు తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం నడిచినప్పుడు, తరతరాలుగా ‘దొరా’ అని పిలిచిన నోళ్ళు ఒకరినొకరు కామ్రేడ్ అని పిలుచుకున్నాయి. రొట్టెకి కాపలా ఉన్నవాణ్ణి పిలిచే మాట పోయి, ఒకే గదిలో పడుకున్నవాణ్ణి పిలిచే మాట వచ్చింది. సొంతానికి గదే లేనివాళ్ళకి ఆ మాట ఎంత పెద్ద ఇల్లయి ఉంటుందో ఊహించండి. శ్రీకాకుళం జిల్లావాళ్ళకి ఆ మాట బరువు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు.

గది స్నేహాల్లో చదువుకునేవాళ్ళ వాటా కూడా ఉంది. చమ్ అన్నది 17వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళ యాస. చాంబర్ మేట్‌ని కుదించి ఉంటారని ఎక్కువమంది లెక్క. అదే కాలంలో కేంబ్రిడ్జి కుర్రాళ్ళు తమ గ్రీకు పాండిత్యం చూపించుకుంటూ క్రోనీ అన్నారట, అంటే చిరకాల మిత్రుడు. పెపీస్ తన 1665 డైరీలో ఆ మాట వాడాడు. ఇప్పుడు క్రోనీ అనగానే కాంట్రాక్టులూ రాజకీయాలూ గుర్తొస్తాయి. పూర్వ విద్యార్థుల సంఘాలవాళ్ళం కొంచెం జాగ్రత్తగా ఉండాల్సిన మాట అది.

టీమ్, గ్యాంగ్, క్రూ, ఈ మూడూ గబగబా చెప్పేస్తాను. టీమ్ అంటే మొదట ఒక కాడికి కట్టిన ఎడ్లు. గ్యాంగ్ అంటే నడక, కలిసి నడిచేవాళ్ళు. దానికి దొంగల వాసన 17వ శతాబ్దంలో తగిలింది. మన రైల్వే గ్యాంగుమన్ పాత అర్థంలోనే ఇంకా పట్టాల వెంట నడుస్తున్నాడు. క్రూ అంటే పెరుగుదల, సైన్యానికి అదనంగా పంపిన మనుషులు. రిక్రూట్ కూడా ఆ కొమ్మదే.

క్రికెట్ ఆడినవాళ్ళ కోసం ఇంకొకటి. పీర్ అంటే సమానుడు. తన సమానుల తీర్పు లేకుండా స్వతంత్రుణ్ణి శిక్షించకూడదని 1215 నాటి మాగ్నా కార్టాలో రాసుకున్నారు. విచిత్రంగా అదే మాట తర్వాత ఇంగ్లండులో ప్రభువులకి బిరుదైంది. సమానుడు కానివాడు, అంటే ఇద్దరికీ చెందని బేసి మనిషి ‘నూంపియర్’. ముందున్న ‘ఎ’ కి దాని ‘న’ కారం అతుక్కుపోయి అంపైర్ మిగిలాడు. మన గ్రౌండులో అంపైరు ఎప్పుడూ బ్యాటింగ్ జట్టువాడే కాబట్టి ఈ వ్యుత్పత్తి మనకి వర్తించదు.

కొలీగ్ కి రోము దాకా వెళ్ళాలి. ఒకే పనికి కలిపి ఎన్నుకున్నవాడు అని దాని అర్థం. కొలీగుల కూటమి కొలీజియం, అందులోంచే కాలేజీ. రోములో వడ్రంగులకీ కమ్మరులకీ అందరికీ కొలీజియంలు ఉండేవి. సుమారు 110లో, ఇప్పటి తుర్కియేలో ఉన్న నికొమీడియా నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ ప్రాంతపు గవర్నరు ప్లినీ, మంటలార్పడానికి 150 మందికి మించకుండా ఒక సంఘం పెట్టుకోనివ్వమని ట్రేజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వేరేవాళ్ళని చేరనివ్వను, నేనే కనిపెట్టి ఉంటానని హామీ కూడా ఇచ్చాడు. చక్రవర్తి ఒప్పుకోలేదు. ఏ పేరు పెట్టినా, ఏ పనికి పెట్టినా మనుషులు ఒకచోట చేరితే అది త్వరలోనే రాజకీయ కూటమి అవుతుందని జవాబు రాశాడు. మంటలార్పే సామాన్లు కొనిపెట్టుకోండి, సంఘం మాత్రం వద్దు! ఆ రెండు ఉత్తరాలూ ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండు కూడా 1799లో పనివాళ్ళ కూటములని నిషేధిస్తూ చట్టం తెచ్చి, 1824లో ఎత్తేసింది. పై వృత్తులవాళ్ళకి ఆ బెడద లేదు. అంతకు ముందే 1771లో జాన్ స్మీటన్, ఆయన సహచరులు లండన్లో ఒక సత్రంలో భోజనాలకి చేరి సివిల్ ఇంజనీర్ల సొసైటీ పెట్టుకున్నారు. మా వృత్తికి మొదటి సంఘం ఒక భోజనాల బల్ల దగ్గర పుట్టిందన్నమాట. కలిసి తిన్న ఇంజనీర్లు సొసైటీ, కలిసి కూలి అడిగిన నేతగాళ్ళు నేరస్థులు.

ఇక నా ఉద్యోగానికి సంబంధించిన మాట. రైవల్. లాటిన్‌లో ‘రీవుస్’ అంటే వాగు, పిల్ల కాలువ. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళు రైవల్స్. ఇది కవుల కల్పన కాదు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వేయించిన న్యాయ సంపుటిలో, కాలువల మీద ఉన్న అధ్యాయంలో, ఒకే కాలువ నుంచి నీళ్ళు తీసుకునేవాళ్ళని ఈ మాటతో నిర్వచించారు. పక్క పొలంవాడు, అంతే. ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు దానికి సహచరుడన్న అర్థం ఉండేది. షేక్‌స్పియర్ హామ్లెట్ మొదటి రంగంలో కావలివాడు తన జతగాళ్ళ గురించి ఆ మాటే అంటాడు. మరి ప్రత్యర్థి ఎలా అయ్యాడు?

అది నిఘంటువులో కంటే కాలువ గట్టు మీద బాగా తెలుస్తుంది. తూము దగ్గర ఉన్నవాడు రెండు రోజులు ఎక్కువ తెరిచి ఉంచుతాడు. శివారు భూమివాడు నారు ఎండుతుంటే రాత్రి లాంతరు పట్టుకుని కాలువ వెంట నడుచుకుంటూ పైకి వస్తాడు. మధ్యలో మా కాలువ లస్కరు. లస్కరంటే పారసీలో సైన్యం. మా శాఖలో మాత్రం చేతిలో కర్ర, భుజాన తుండు ఉన్న ఒక్క మనిషి. ఆ ఒక్క సైన్యం ఇద్దరి తిట్లూ తింటాడు. వానలు బాగున్న ఏడు వాళ్ళిద్దరూ ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వెళతారు. సెప్టెంబరులో వాన పడకపోతే పోలీసు స్టేషనుకి వెళతారు. మనుషులు అవే, కాలువ అదే, నీటి మట్టం మారింది. జస్టీనియన్ నిర్వచనం నుంచి ఇప్పటి అర్థానికి వచ్చే దారి పొడవు నా లెక్కలో ఒక్క వర్షాభావపు ఋతువు. నది పెద్దదైతే రాష్ట్రాలే రైవల్స్. మన వంశధార నీళ్ళ మీద ఒడిశాకీ మనకీ తగవు తీర్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేశారు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం తెచ్చి, కాలువల కింద రైతులతో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టించింది. పది వేలకు పైగా సంఘాలు. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళని ఒక సంఘంగా కూర్చోబెట్టడమంటే రైవల్స్‌ని అసోసియేట్స్ చేయడం. కొన్నిచోట్ల అది బాగా నడిచింది, కొన్నిచోట్ల కాంట్రాక్టు పనుల పంపకంగా మిగిలింది. నడిచినచోట నేను గమనించింది ఒకటుంది. అక్కడ సంఘం సమావేశం తూము దగ్గర కాక కాలువ చివర శివారు ఊళ్ళో పెట్టేవారు. పైవాళ్ళు ఎండిన మడులు చూసుకుంటూ అక్కడికి రావాలి.

నీళ్ళ తర్వాత భూమి. పార్ట్‌నర్ అన్న మాటకి పాత రూపం పార్సెనర్, వారసత్వంలో వాటా ఉన్నవాడు. మన కోర్టుల్లో హిందూ ఉమ్మడి ఆస్తి కేసుల్లో కోపార్సెనర్ అని ఇప్పటికీ వినబడుతుంది. మనం దాయాది అంటాం. ఇంగ్లీషు వాటాదారు వ్యాపారంలో భాగస్వామీ, పెళ్ళిలో జీవిత భాగస్వామీ అయ్యాడు. మన వాటాదారు మాత్రం పగవాడయ్యాడు, కురుక్షేత్రం దాకా పోయాడు. ఆ వాటాలో ఆడపిల్లలకి చోటుండేది కాదు. మన రాష్ట్రం 1986లో చట్టం సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళని కూడా కొడుకులతో సమంగా కోపార్సెనర్లని చేసింది. సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవం! దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. మాట పాతదే, అందులోకి ఎవరు వస్తారన్న గీతని చట్టం జరిపింది. గీతలు జరుగుతాయన్నదానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

అసోసియేషన్, సొసైటీ, సోషల్, ఈ మూడింటిలో ఉన్నది ‘సోసియుస్’. వెంట నడిచేవాడు. సంస్కృతంలో సఖుడు దానికి సోదరుడే. పెళ్ళిలో ఏడో అడుగు సఖ్యానికి అంటారు కదా, నడకకీ సఖ్యానికీ ఆ చుట్టరికం అక్కడ కనిపిస్తుంది. రోమన్లు తమ వెంట యుద్ధాలకి నడిచిన ఇటలీ ప్రజల్ని సోసియులని పిలిచారు గానీ పౌరసత్వం ఇవ్వలేదు. క్రీ.పూ. 91లో వాళ్ళు తిరగబడ్డారు. చరిత్రలో దాని పేరు సోషల్ వార్. మా సోషల్ మాస్టారు ఈ సంగతి చెప్పి ఉంటే ఆ పీరియడ్లో నిద్రపోయేవాళ్ళం కాదు. చివరికి రోము వాళ్ళకి పౌరసత్వం ఇచ్చింది, కానీ యుద్ధం చేయించుకుని ఇచ్చింది.

మన దేశంలో సొసైటీ పెట్టాలంటే 1860 నాటి చట్టం ప్రకారం ఏడుగురు చాలు. మన సంఘాన్ని కూడా ఆ చట్టం కిందే రిజిస్టరు చేశారు. ఏడుగురు పెద్దలు సంతకాలు పెట్టిన ఆ నిబంధనావళి ప్రతి ఈ వ్యాసం కోసం తెప్పించుకుని చదివాను. అందులో సభ్యులెవరన్న చోట ‘ఈ పాఠశాల నుండి పదవ తరగతి ఉత్తీర్ణులైన వారు’ అని ఉంది.

అలుమ్నస్ అన్న మాట దగ్గరకి ఇప్పుడు వస్తాను. బ్యానర్ తగువు సంగతి ముందు: ఒక మగవాడైతే అలుమ్నస్, ఒక ఆడమనిషి అలుమ్నా, అందరూ కలిస్తే అలుమ్ని. పలకడం ఎవరి మాస్టారు ఎలా చెబితే అలా. అసలు సంగతి అర్థం. అది ‘అలెరె’ అన్న క్రియ నుంచి వచ్చింది. అలెరె అంటే తిండి పెట్టి పెంచడం. అలుమ్నస్ అంటే ఒక చేతి కూడు తిని పెరిగిన బిడ్డ, సాకిన బిడ్డ. బడిని తల్లి అంటూ చెప్పే ఆల్మా మాటర్ లో ఆల్మా కూడా అదే, కడుపు నింపే తల్లి. అంటే మళ్ళీ వంటింటికే వచ్చాం. ఆ మాటలో ఎక్కడా పరీక్ష లేదు, ఉత్తీర్ణత లేదు, హాల్ టికెట్ లేదు. పరీక్షా, లెక్కా ఉన్న మాట క్లాస్. సెర్వియుస్ తుల్లియుస్ రాజు పేరు మీద చెప్పే పాత ఏర్పాటులో రోమ్ జనాన్ని ఆస్తిని బట్టి ఐదు క్లాసులుగా విడదీశారు. ఏమీ లేనివాళ్ళు ఐదింటికీ కింద, పిల్లల్ని కనడం తప్ప ఇంకేమీ ఇవ్వలేనివాళ్ళని వేరే పేరు. ప్రొలిటేరియట్ అన్న మాట వాళ్ళది.

మా ఏడో తరగతి నాటి ఫొటో నా దగ్గర ఉంది. పదో తరగతి ఫొటోలో ఉన్నది అందులో సగానికి కాస్త ఎక్కువ. ఏడు కామన్ పరీక్షతో కొందరు ఆగారు. ఆడపిల్లల వరస చాలావరకు అక్కడే ఖాళీ అయింది. ఒకడు సొమ్ములు కాయడానికి పోయాడు, ఒకడు తండ్రి వెంట విశాఖ తాపీ పనికి, ఇంకొకడు రైల్వే గ్యాంగులో చేరి ఈ మధ్యే మేటుగా రిటైరయ్యాడు. బోరింగు అవతల కూర్చునేవాళ్ళలో పది దాకా వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. సంస్కృత, లాటిన్ ధాతువుల మాట అటుంచి, ఈ బడి గంటకి లేచి, ఈ బడి నేల మీద కూర్చుని, ఈ గురువుల చేతి దెబ్బలు తిన్నవాళ్ళు వాళ్ళు. నిబంధన రాసిన పెద్దలకి ఎవర్నీ బయట పెట్టాలన్న ఉద్దేశం లేదని నాకు తెలుసు. అప్పట్లో పదో తరగతి పాసవడమే ఊరికి పండగ, ఆ ఉత్సాహంలో రాశారు. కాని యాభై ఏళ్ళుగా ఆహ్వానాలు ఆ జాబితా చూసే వెళుతున్నాయి.

సర్వసభ్య సమావేశంలో సవరణ తీర్మానం నేను పెడుతున్నాను. ‘ఉత్తీర్ణులైన’ అన్న మాట తీసి ‘ఒక్క సంవత్సరమైనా చదివిన’ అని పెట్టాలని. బలపరచడానికి ఇద్దరు మిత్రులు ఒప్పుకున్నారు. ఈలోగా హెడ్మాస్టారి అనుమతితో అడ్మిషన్ రిజిస్టర్లు తీయించి పేర్లు ఎక్కించుకోవడం మొదలుపెట్టాం. చెద తిన్న రెండు పుస్తకాలు తప్ప మిగతావి బాగానే ఉన్నాయి. మా వాయికి సంబంధించి ‘ఎ’ సెక్షన్ పూర్తయింది. ‘బి’ సెక్షన్లో పదకొండు మంది ఇప్పుడెక్కడున్నారో తెలియడం లేదు. వాళ్ళ జాబితా ఆఫీసు గది నోటీసు బోర్డు మీద పెట్టాం. ఉత్సవానికి వచ్చినప్పుడు భోజనాలకి వెళ్ళే ముందు ఒకసారి చూసి, తెలిసినవాళ్ళుంటే పేరు పక్కన ఊరు రాయండి. పెన్ను దారంతో కట్టి ఉంటుంది.